ఆ కొరడా ఎవరి మీదికి?

ప్రొద్దున్నే టీ బడ్డీ దగ్గర వార్తాపత్రిక విప్పినప్పుడు జనులు మొదట దేనిని చూచుచున్నారో మీరెప్పుడైనను గమనించితిరా? చదువుకొనినవాడు పెద్ద అక్షరముల వైపు చూచును. చదువురానివాడు మూలనున్న చిన్న బొమ్మ వైపు చూచును. ఆ బొమ్మలో మంత్రి ముక్కు గుమ్మడికాయంత యుండును. ఓటరు ప్రక్కటెముకలు లెక్కపెట్టుటకు వీలుగా నుండును. చూచినవాడు నవ్వి, "దీని క్రింద ఏం రాశాడో చదివి పెట్టు బాబూ" అని ప్రక్కవానిని అడుగును. వీటినే కార్టూనులనియు, వ్యంగ్యచిత్రములనియు అందురు. భక్తి పత్రికలో వీటి ప్రస్తావన ఎందుకని కొందరు పెద్దలు నొసలు చిట్లింపవచ్చును. నేనును ఒకప్పుడు అట్లే తలంచినవాడను. అయితే ఒక బొమ్మ నా నోరు మూయించినది. ఆ సంగతియే ఈ నెల మీతో చెప్పదలచితిని.

ఆ బొమ్మను 1949లో గీసినవారు కె. శంకర్ పిళ్లై. ఆయన 1902లో కేరళ దేశపు కాయంకుళములో పుట్టెను. 1948లో ఢిల్లీ నగరమున 'శంకర్స్ వీక్లీ' అను వ్యంగ్యచిత్రముల వారపత్రికను స్థాపించగా, దాని ప్రారంభోత్సవము జరిపినది ప్రధానమంత్రి నెహ్రూయే. తన్ను సయితము విడిచిపెట్టవద్దని నెహ్రూ ఆయనతో చెప్పెనని ప్రసిద్ధి. శంకర్ విడిచిపెట్టనూ లేదు. ఆ పత్రిక 1975లో ఆగిపోయెను గాని, అంతలో మన దేశమునకు ఎందరో చిత్రకారులను తయారుచేసి యిచ్చినది.

బొమ్మ ఇట్లున్నది. ఒక పెద్ద నత్త, అది రాజ్యాంగమట. దాని వీపు మీద డాక్టర్ అంబేద్కర్ పగ్గములు పట్టి కూర్చుండియున్నాడు. ఆయన చేతిలో ఒక కొరడా. వెనుక నెహ్రూ నిలువబడి తానును కొరడా ఎత్తియున్నాడు. దూరమున జనసమూహము ఈ తమాషా చూచుచున్నది. రాజ్యాంగము వ్రాయుట ఎంతకును తెమలకున్నదని చిత్రకారుని ఎత్తిపొడుపు.

2006లో ఈ బొమ్మను కేంద్రప్రభుత్వపు పాఠ్యపుస్తకములను తయారుచేయు సంస్థవారు 11వ తరగతి రాజనీతి పుస్తకములో చేర్చిరి. 2012 మే నెలలో దానిమీద పార్లమెంటులో పెద్ద అలజడి లేచెను. ఆ వేసవి సెలవులలోనే మా సంఘములోని బాలుడొకడు అదే పుస్తకము పట్టుకొని హాస్టలునుండి ఇంటికి వచ్చియుండెను. ఆదివారము సాయంత్రము యౌవనస్థుల కూటములో ఆ పుట తెరచి నేను వివరింప మొదలుపెట్టితిని. నత్తనడక అను మాట మన తెలుగులోను ఉన్నదే గనుక వివరించుట సులువాయెను. పిల్లలు నవ్విరి. నేనును నవ్వితిని.

మందిరము ఊడ్చు అవ్వ ఒకామె తలుపు దగ్గర కూర్చుండియుండెను. అక్షరము రానిది. ఎనుబది యేండ్లు దాటినది. పుస్తకము ఇటివ్వమని చేయి చాచి, బొమ్మను కన్నుల దగ్గర పెట్టుకొని చాలసేపు చూచెను.

"కూర్చున్నది అంబేద్కర్ గారా, అయ్యగారూ?"

"అవును, అవ్వా."

"ఎనకాల నిలబడ్డ ఆ దొర చర్నాకోల ఎవరి మీదికి ఎత్తాడు?"

"నత్త మీదికే, అవ్వా. త్వరగా నడవమని."

అవ్వ పుస్తకము నా చేతికి తిరిగి ఇచ్చెను. "మా నాయన కామందు కాడ పాలేరు. సాలు వంకర పోయిందని ఎద్దును కొట్టే చర్నాకోలతోనే నాయనను కొట్టాడు. ఎద్దునే కొట్టానని ఊళ్ళో చెప్పాడు. వాత మాత్రం ఎద్దు మీద లేదయ్యగారూ."

పిల్లల నవ్వు ఆగిపోయెను. నాకు జవాబు దొరకలేదు. వేదాంత కళాశాలలో నాలుగేండ్లు చదివి, గ్రంథములను విమర్శించుట నేర్చుకొనినవాడను. నేను మొదట చూచినది నత్తను. ఆమె మొదట చూచినది కొరడాను.

ఇక పార్లమెంటు సంగతి. తమిళదేశపు సభ్యులు తిరుమావళవన్ మొదలైనవారు లేచి ఈ బొమ్మ బాబాసాహెబునకు అవమానమని చెప్పిరి. మంత్రి కపిల్ సిబాల్ క్షమాపణ చెప్పి పుస్తకమునుండి దానిని తీసివేయుదుమనెను. పుస్తక రచనకు సలహాదారులైన సుహాస్ పళ్షీకర్, యోగేంద్ర యాదవ్ రాజీనామా చేసిరి. మరునాడు పూణే విశ్వవిద్యాలయములో పళ్షీకర్ గారి గది మీద కొందరు పడి విధ్వంసము చేసిరి. అది తప్పు అని మొదటనే చెప్పవలెను. ఆ పండితులు అంబేద్కర్ గారికి శత్రువులు కారు. పిల్లలు బట్టీ పట్టక ప్రశ్నలు వేయవలెనని కోరినవారు. ఆ పాఠములో కూడ ఆలస్యము ఎందుకు జరిగెనో ఆలోచింపుడని బాలురను అడిగిరే గాని ఆయనను తక్కువ చేయలేదు. తరువాత సుఖదేవ్ థోరాట్ గారి అధ్యక్షతన ఒక కమిటీ పుస్తకములలోని బొమ్మలన్నిటిని పరిశీలించి, కొన్నిటిని తొలగింపుమనెను. ఆ కమిటీలోని సభ్యుడైన ఎం.ఎస్.ఎస్. పాండియన్ మాత్రము ఒప్పుకొనక తన భిన్నాభిప్రాయము వ్రాసెను.

ఆ దినములలో పట్టణపు పత్రికలలో చదివిన వ్యాసములలో ఒక మాట మాటిమాటికి కనబడెను: వీరికి హాస్యము తెలియదు, వీరి మనస్సు మరీ సుకుమారము. ఆ మాట వ్రాసినవారు కొరడాను బొమ్మలోనే చూచినవారని నాకు తోచినది. ఇద్దరి చేతులలోను కొరడాలున్నవి గదా, ఇద్దరును నత్తనే అదలించుచున్నారు గదా అని వారు వాదించిరి. గీతను బట్టి చూచిన అది నిజమే. అయితే వ్యంగ్యచిత్రమును గీతను బట్టి మాత్రమే చదువలేము. మంత్రి ముక్కు పెద్దదిగా గీసినప్పుడు అది ముక్కును గూర్చినది కాదని మనకు ఎట్లు తెలియును? ఊరి సంగతి మనకు తెలియును గనుక. అటులనే నిలువబడినవాడు ఎవడు, కూర్చుండినవాడు ఎవడు, ఎవని వెనుక ఎవడు కొరడా ఎత్తెను అనునది ఈ దేశపు సంగతి తెలిసినవానికి వేరుగా కనబడును. బొమ్మ సగము కాగితము మీద నుండును, సగము చూచువాని వీపు మీద నుండును.

పోనిండు, ఎత్తిపొడుపు నిజమైనదేనా? అదియు చూడవలసినదే, ఏలయనగా అబద్ధమైన ఎత్తిపొడుపు ఎంత చక్కగా గీసినను చెడ్డ కార్టూనే. రాజ్యాంగసభ 1946 డిసెంబరు 9న కూడెను. 1949 నవంబరు 26న రాజ్యాంగమును అంగీకరించెను. దాదాపు మూడేండ్లు. ఆమోదమునకు ముందుదినమున అంబేద్కర్ సభలో లేచి ఈ ఆలస్యమునకు లెక్క చెప్పెను. చిత్తుప్రతికి వచ్చిన సవరణలు 7,635. వాటిలో సభ యెదుట ప్రతిపాదింపబడినవి 2,473. ఒక్కొక్కదానిని విని, వాదించి, తీర్చవలెను. అందుకు సంవత్సరము ముందే, 1948 నవంబరులో, చిత్తు కమిటీ సభ్యుడైన టి.టి. కృష్ణమాచారి ఆ కమిటీ స్థితిని సభకు బాహాటముగా చెప్పెను. ఏడుగురిలో ఒకరు రాజీనామా చేసిరి, ఒకరు మరణించిరి, ఒకరు అమెరికాలో నుండిరి, ఒకరు సంస్థానముల పనులలో మునిగిరి, ఒకరిద్దరు అనారోగ్యముచేత ఢిల్లీకి దూరమైరి. భారము కడకు అంబేద్కర్ మీదనే పడెను. అనగా బండి లాగినవాడు ఆయనయే. లాగినవాని వెనుక కొరడా గీయుట చిత్రకారుని తొందరపాటు అని నేను తీర్పు చెప్పుచున్నాను. శంకర్ గొప్ప చిత్రకారుడే. ఆ దినము మాత్రము ఆయన చూపు నత్త దగ్గర ఆగినది, నా చూపు ఆగినట్లే.

ఇక్కడ ఒక న్యాయము మరువరాదు. అంబేద్కర్ ఆ 1949 బొమ్మనాటికి దిక్కులేని పేదవాడు కాడు. దేశపు న్యాయశాఖ మంత్రి. అధికారములో నున్నవానిని ఎగతాళి చేయు హక్కు పౌరునికి కలదు. అదే నవంబరు 25 ప్రసంగములో ఆయనయే, రాజకీయములలో ఒక మనుష్యునికి భక్తితో మ్రొక్కుట దేశమును పాడుచేయునని హెచ్చరించెను. మనము ఆయన విగ్రహమునకు ఇనుప పంజరము కట్టి, ఆయన మీద ఎవరును నవ్వరాదని శాసించిన యెడల ఆయన మాటనే కాదన్నవారమగుదుము. గనుక ఆ బొమ్మను చింపివేయవలెనని నేను అనను. పుస్తకములోనే ఉంచి, దాని ప్రక్కన కృష్ణమాచారి చెప్పిన సంగతి వ్రాసి, "ఈ కొరడా మీకు ఎవరి మీదికి ఎత్తినట్లు కనబడుచున్నది?" అని పిల్లలను అడిగియుంటే బాగుండెడిదని తలంచుచున్నాను. అట్లు అడుగవలెనని పండితులకు తోచకపోవుటకు కారణమొకటే. బొమ్మ ఎంచుకొనిన గదిలో అవ్వకు చోటు లేదు.

ఆ చోటును తరువాత ఒక తెలుగువాడు సంపాదించెను. విజయవాడలో పెరిగిన ఉన్నమటి శ్యామ్‌సుందర్ అను చిత్రకారుడు, పరిశోధకుడు, ఈ 2012 గొడవ తరువాత పాత ఇంగ్లీషు పత్రికలను తిరుగవేసి, 1932 మొదలుకొని అంబేద్కర్ గారి మీద వచ్చిన కార్టూనులు నూటికి పైగా ఏర్చి కూర్చెను. 'నో లాఫింగ్ మాటర్' అను పేరుతో అది 2019లో పుస్తకమై వెలువడెను. నవ్వవలసిన సంగతి కాదని ఆ పేరునకు భావము. ఒక్క బొమ్మను చూచి కోపపడినవానిని సుకుమారుడవని అనవచ్చును. నూరు బొమ్మలు వరుసగా పరచినప్పుడు ఏమందురు? ఆ వరుసలో ఆయన మాటిమాటికి చిన్నవాడుగా, మూలనున్నవాడుగా, పేచీకోరుగా కనబడుచున్నాడు. చిత్రకారులలో ఎవరును దురుద్దేశముతో గీసియుండకపోవచ్చును. అయితే ఒకే వైపునుండి వీచు గాలికి చెట్లన్నియు ఒకే వైపునకు వంగును గదా. శ్యామ్‌సుందర్ బొమ్మలను నిషేధింపుమనలేదు. వాటిని అందరి యెదుట పెట్టి, ప్రతిదాని ప్రక్కన ఆనాటి చరిత్ర వ్రాసెను. మన ప్రాంతపు బిడ్డ చేసిన ఈ పని మన సంఘములలో ఎక్కువమందికి తెలియకుండుట విచారకరము.

అంబేద్కర్ ఆ చివరి ప్రసంగములో ఇతర దేశముల రాజ్యాంగములకు ఎంత కాలము పట్టెనో పోల్చి చెప్పెను. అందులో దక్షిణాఫ్రికా కలదు. అక్కడివారు ఒక్క సంవత్సరములోనే ముగించిరట. వినుటకు ఎంత చురుకు! అయితే 1909లో పుట్టిన ఆ చట్టము పార్లమెంటులో తెల్లవారికే కూర్చుండు హక్కు ఇచ్చెను. ఆ దేశపు నల్లవారు, అనగా దేశములో ఎక్కువమంది, గడప బయటనే నిలిచిపోయిరి. 1948 తరువాత వర్ణవివక్ష అక్కడ ప్రభుత్వ సిద్ధాంతమే ఆయెను. అందరు కలిసి ఓటు వేసిన మొదటి ఎన్నిక 1994లో గాని రాలేదు. ఒక్క సంవత్సరములో పరుగెత్తిన గుఱ్ఱము త్రోవలో పడవేసినవారిని ఎత్తుకొనుటకు ఎనుబదియైదేండ్లు పట్టెను. మన నత్త అందరిని ఎక్కించుకొని కదలినది. ఈ లెక్క తెలిసిన తరువాత శంకర్ గారి బొమ్మను మరల చూడుడు.

ఆ దక్షిణాఫ్రికాలోనే మరియొక కార్టూను పుట్టెను. దానినిగూర్చి కూడ చెప్పవలెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మండేలా ప్రభుత్వము పాత నేరములను విచారించుటకు సత్యము, సమాధానము అను పేర్లు గల ఒక కమిషను ఏర్పరచెను. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ దానికి అధ్యక్షుడు. 1996 ఏప్రిల్ 15న ఆ దేశపు ఈస్ట్ లండన్ పట్టణములో విచారణ మొదలాయెను. బాధితులనుండి 21,000కు పైగా వాంగ్మూలములు వచ్చెను. నేరములు చేసినవారు అందరి యెదుట నిజము ఒప్పుకొనిన యెడల క్షమాభిక్ష కోరవచ్చును. అట్టి దరఖాస్తులు 7,000 దాటెను. మొదటి దినములలోనే ఒకని బాధ విని టూటూ బల్ల మీద తల వాల్చి యేడ్చెను.

ఆ విచారణలు జరుగుచుండగా జోనాథన్ షాపిరో గీసిన బొమ్మ యిది. ఆయన కలము పేరు జపిరో. కేప్‌టౌనులో 1958లో యూదుల కుటుంబమున పుట్టిన తెల్లవాడు. నిర్బంధ సైనికసేవలో తుపాకి పట్టనని నిరాకరించినవాడు. వర్ణవివక్షకు ఎదురు నిలిచి 1988లో చెరలో నుండినవాడు. బొమ్మలో టూటూ చేత పటము పట్టుకొని, వెనుక జనులను నడిపించుకొనుచు కొండ అంచునకు వచ్చియున్నాడు. వారు నిలిచిన గట్టు పేరు సత్యము. అవతలి గట్టు పేరు సమాధానము. నడుమ పెద్ద అగాధము. పటములో అది ఉన్నట్లు లేదు.

దీనిలోను ఎగతాళి కలదు, అదియు ఒక బిషపు మీద. అయినను ఇది చూచినప్పుడు నాకు బాధ కలుగలేదు. ఏల? ఈ బొమ్మలో ఎవరును ఎవరి వెనుక కొరడా ఎత్తలేదు. చిత్రకారుడు గట్టు మీద నిలువబడి నవ్వువారిలో చేరలేదు. తానును ఆ గుంపుతో నడచి అంచునకు వచ్చినవానివలె గీసెను. నాతాను ప్రవక్త దావీదు రాజునకు చెప్పిన గొఱ్ఱెపిల్ల కథ మీరెరుగుదురు. అదియు మాటలతో గీసిన బొమ్మయే. అందులో రాజు తన ముఖము తాను చూచుకొనెను గాని, గొఱ్ఱెపిల్లను పోగొట్టుకొనిన బీదవాడు నవ్వులపాలు కాలేదు. కార్టూనును తూచుటకు నాకు ఇంతకంటె మంచి తూనికరాయి దొరకలేదు.

జపిరో అన్నివేళల ఈ తూనికకు నిలిచినవాడని చెప్పను. 2008లో న్యాయదేవతను స్త్రీగా గీసి ఆయన వేసిన ఒక బొమ్మను నేను ఇక్కడ వర్ణింపను. జాకబ్ జూమా దాని మీద దావా వేసి 2012లో విరమించుకొనెను. దావా వీగినంత మాత్రమున బొమ్మ మంచిదగునా? రాజకీయ నాయకుని తప్పు చూపుటకు స్త్రీ పడిన ఘోరమును ఉపమానముగా వాడుకొనుట, ఆ ఘోరము పడిన స్త్రీలకు మరియొక దెబ్బ. ఆయనయు ఆ దినము నత్తను చూచెను, కొరడాను చూడలేదు.

అగాధపు బొమ్మ చెప్పిన మాట మాత్రము నిజమని కాలము చూపెను. బాధితులకు ఆరేండ్లు ఏటేట సహాయము చేయుమని కమిషను సూచింపగా, 2003లో ప్రభుత్వము ఒక్కొక్కరికి ఒక్కసారి 30,000 రాండ్లు ఇచ్చుటకు నిర్ణయించెను. నిజము చెప్పినవారు చెప్పిరి, క్షమించినవారు క్షమించిరి, గాని ఇల్లు, పొలము, బడి చాలవరకు ఉన్నచోటనే ఉండెను.

మన తెలుగు బైబిలులో సమాధానము అను మాట శాంతికి వాడుదుము. లోకవ్యవహారములో అదే మాట ప్రశ్నకు జవాబు అని అర్థమిచ్చును. ఏ పండితుడు ఇట్లు కూర్చెనో గాని, ఇందులో గొప్ప న్యాయమున్నది. అడిగినవానికి సమాధానము చెప్పక సమాధానపడుమనుట ఎట్లు? మన ఊళ్ళలో దీనికి వేరొక మాట ఉన్నది, రాజీ. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూచినవారము మనము. దెబ్బ తగిలిన మరునాడే పెద్దమనుష్యులు వచ్చి అరుగు మీద కూర్చుండి, జరిగినదేదో జరిగినది, కలిసి బ్రతుకవలసినవారము, రాజీ పడుడందురు. ఒక్కొక్కప్పుడు ఆ పెద్దమనుష్యులలో పాస్టరును కూడ కూర్చుండబెట్టుదురు. నేనును కూర్చుంటిని. అప్పుడు నేను పలికిన మాటలు ఇప్పుడు జ్ఞాపకమునకు వచ్చినప్పుడు సిగ్గుపడుచున్నాను. అడుగవలసిన ప్రశ్న ఒకటి ఎదుటి అరుగు క్రింద నిలువబడియుండెను. నేను దానిని అడుగనియ్యక ప్రార్థనతో కూటము ముగించితిని.

అవ్వ సంగతితో మొదలుపెట్టితిని గనుక మిగిలినది కూడ చెప్పెదను. మరుసటి సంవత్సరము ఆ బాలుడే సెలవులకు వచ్చినప్పుడు జపిరో బొమ్మను కంప్యూటరులో చూచి, కాగితము మీద అచ్చువేయించి తెచ్చెను. ఈసారి నేను వివరింపక ముందే అవ్వకు ఇచ్చితిని. ఆమె ఎప్పటివలెనే కన్నుల దగ్గర పెట్టుకొనెను. పటము పట్టుకొనిన నల్లనాయన బిషపుగారని చెప్పగా తల ఊపెను. తరువాత వ్రేలితో రెండు గట్ల నడుమ ఖాళీని పైనుండి క్రిందికి మెల్లగా రాసెను.

"ఈ గొయ్యి ఎవరు తవ్వారు, అయ్యగారూ?"

బాలుడు జవాబు చెప్పబోగా నేను వాని భుజము మీద చేయి వేసి ఆపితిని. అవ్వ ఇంకను చూచుచునే యుండెను.